అడ్డుతెరకు అంటిన వాసన

మా అక్క శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంది. నేను తిరుపతికి, చిత్తూరుకు నడుమ ఉన్న ఒక డెయిరీలో పాలు పరీక్షించే పని చేస్తాను. ఈ రెండు పనుల మధ్యకు మా ఇంటి వాషింగ్ మెషిన్ ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. మా అమ్మాయి పెళ్ళిలో, నలుగురిలో, నేనొక మాట అన్నాను. ఆ మాట తప్పు. దాన్ని విన్నవాళ్ళు చాలామంది. తప్పని తెలిసినవాళ్ళు తక్కువ.

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. డెయిరీలో వెన్న శాతం చెప్పే యంత్రం ఉంది, నీళ్ళు కలిపారో లేదో చెప్పే యంత్రం ఉంది. కానీ క్యాను మూత తీయగానే మొదట పనిచేసేది ముక్కే. మూత తీసి, వంగి, ఒక్కసారి లోపలికి పీల్చుకుంటాను. ఆవు వేపాకు తిన్నదా, క్యాను సరిగా కడగలేదా, నిన్నటి పాలు ఇవాల్టి పాలలో కలిపారా, అన్నీ ఆ ఒక్క ఊపిరిలో తెలుస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఐరాల వైపు నుంచి పాలు తెచ్చే రైతులు నన్ను ముక్కు సారు అంటారు. ఇంట్లో కూడా సాంబారు పులిసిందా, పెరుగు పనికొస్తుందా అని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను బాగుందంటే బాగున్నట్టు, లేదంటే పారబోసినట్టు. వాసనల విషయంలో నా మాటకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. నాకూ అది బాగా అలవాటైపోయింది.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరినప్పుడు అక్క, అడ్డుతెర తాను వేస్తానంది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టుకునే తెర అది. మామూలుగా ఏ కొత్త పంచో పట్టుకుంటారు. అక్క రెండు నెలలు కూర్చుని వేసింది. నడుమ పూలచెట్టు, చెట్టుకు అటొక చిలుక, ఇటొక చిలుక. అందులో విశేషం బొమ్మ కాదు. కలంకారీ గుడ్డకు ఒక పక్కే బొమ్మ తేటగా ఉంటుంది. తెరకు ఈ పక్క అమ్మాయి, ఆ పక్క అబ్బాయి కూర్చుంటారు కదా, ఒకరికి బొమ్మ, ఒకరికి వెనకవైపు కనిపిస్తే ఎట్లా అని అక్క రెండు పక్కలా గీసింది. గీత మీదికి గీత వచ్చేట్టు, కిటికీ అద్దానికి గుడ్డను ఆనించి, వెలుతురులో చూసుకుంటూ గీసిందట.

ఆ పనిలో పాలు ఉంటాయి. బొమ్మ గీయకముందే గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు ఉండబట్టే రంగు గుడ్డ మీద చెదరకుండా నిలుస్తుంది. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలియకపోయుంటేనే బాగుండేదేమో.

పెళ్ళికి పది రోజుల ముందు అక్క ఆ తెర తెచ్చి ఇచ్చింది. కొత్త గుడ్డను ముహూర్తానికి అట్లాగే వాడకూడదు, ఒకసారి తడిపి ఆరేయాలని మా ఇంట్లో పట్టింపు. అక్క, “చేత్తో జాడించి నీడన ఆరేస్తే సాలు” అని చెప్పి బస్సెక్కింది. పెళ్ళిపనుల్లో చేత్తో జాడించే తీరిక ఎవరికుంది? నేనే దాన్ని మెషిన్లో వేశాను. నెమ్మదిగా తిరిగే ఉతుకు పెట్టాను, జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను. కార్తీక మాసం, ఆగకుండా వాన. బయట ఆరేసే దారి లేక గదిలో ఫ్యాను కింద వేసి, ఆరిందనిపించాక మడతపెట్టి పెట్టెలో పెట్టాను.

ముహూర్తం పొద్దున పదింటికి. పురోహితుడు తెర అడిగాడు. నేను పెట్టె తెరిచి మడత విప్పాను. వాసన కొట్టింది. పక్కనున్న మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అందరూ నావైపే చూశారు. వాసన సంగతి తేల్చేది నేనే కదా.

“పాలు పెట్టిన గుడ్డ. వానకు పులిసింది” అన్నాను.

మేళం వాళ్ళు అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగారు. నా మాట మండపం చివరిదాకా వినిపించింది. ఎవరో నవ్వారు. చిన్నమ్మ కొంగు తీయకుండానే అక్కతో అంది, “ఏమ్మే, నా మనవరాలికి సీర ఏస్తానంటివే, అది గూడా పాలల్లో ముంచేదేనా? అయితే వద్దులేమ్మా.”

అక్క అప్పటికే తెర ఒక కొన పట్టుకుని నిలబడి ఉంది. ఆ కొనను వదిలేసింది. ఎవరో తెల్ల పంచ తెచ్చారు, పెళ్ళి జరిగింది. భోజనాలయ్యాక చూస్తే, అక్క ఆ తెరను మడిచి చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడుస్తోంది. ఆపాలని నాకు తోచలేదు. ఇంకా సాంబారు అందని పంక్తి ఏదో ఉంటే అటు పోయాను.

ఆ రోజు తర్వాత మా బంధువుల ఇళ్ళలో ఏ శుభకార్యానికీ అక్కను ఎవరూ గుడ్డ అడగలేదు. చిన్నమ్మ చీర వద్దంది, ఆమెను చూసి ఇంకొకరు వద్దన్నారు. “పాల కంపు గుడ్డలు” అని ఒక మాట పుట్టింది. నలభై ఏళ్ళుగా కలం పట్టిన మనిషికి, సొంత తమ్ముడి నోటినుంచి వచ్చిన పేరు అది.

మాఘ మాసంలో ఒకరోజు, ఐరాల నుంచి పాలు తెచ్చే ఒక పెద్దాయన నా పక్కన నిలబడి ముక్కు చిట్లించాడు.

“ఏమప్పా, నా పాలు పులిసిండాయా అని వాసన సూస్తాండావే, ముందు నీ సొక్కా సూసుకో” అన్నాడు.

నేను చొక్కా చంక దగ్గర పట్టుకుని వాసన చూశాను. నిజమే, పులుపు. డెయిరీలో పనిచేసేవాడి చొక్కాకు పాలు పడకుండా ఉంటాయా అనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత కాలు బెణికి పది రోజులు ఇంట్లో ఉన్నాను. డెయిరీ ముఖం చూడలేదు. అయినా, ఉతికి మడతపెట్టిన లుంగీ కట్టుకుంటే అదే వాసన. ఒళ్ళు తుడుచుకుంటే తువ్వాలులో అదే వాసన. పాలు లేని చోట పాల వాసన ఎట్లా వస్తుంది? అప్పటిదాకా నాకు తెలియని వాసన లేదనుకున్నవాణ్ణి, ఇది మాత్రం కుదురుగా కూర్చోనివ్వలేదు.

మంచంలో కూర్చుని ఒక పరీక్ష ఆలోచించాను. ఒకే రకం తువ్వాళ్ళు మూడు తీసుకున్నాం. ఒకటి బోరు నీళ్ళతో బకెట్లో చేత్తో ఉతికించాను. ఒకటి కొళాయి నీళ్ళతో చేత్తో. మూడోది మెషిన్లో. సబ్బు పొడి మూడింటికీ ఒకటే, ఆరేసిన తాడు కూడా ఒకటే. డెయిరీలో నమూనా సీసాలకు కట్టినట్టు ఒక్కోదానికి ఒక్కో అంకె కట్టాను. తర్వాత కళ్ళకు గంతలు కట్టుకుని, నా భార్యను వరస మార్చి అందించమన్నాను.

“ఈ వయసులో ఈ ఆట ఒకటి” అంటూ అందించింది.

మొదటిది బాగుంది. రెండోది ముక్కు దగ్గరికి రాగానే చెప్పాను, “పులిసిన పాలు.”

“దీనికి పాలు యాడ తగిలినాయి?” అంది. గంతలు తీసి చూస్తే మెషిన్లో వేసిన తువ్వాలు. మళ్ళీ చేశాం, వరస మార్చి. మళ్ళీ అదే. బోరు నీళ్ళది కాదు, సబ్బుది కాదు, తాడుది కాదు.

“ఇప్పుడు మొదలైందా ఇది?” అని అడిగాను.

“ఇప్పుడేంది? పెండ్లికి ముందునుంచీ ఉండాది. దిండు గలీబులు కంపు కొడతాండాయి సూడమని నీకు సెప్తి గదా. తలకు పెట్టే నూనెలే అని తీసేస్తివి.”

మెషిన్లో వేసిన తెర గుర్తొచ్చింది. చిలుకలు గుర్తొచ్చాయి. నా భార్యకు కూడా అదే గుర్తొచ్చినట్టుంది. మిగతా తువ్వాళ్ళు మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

మరుసటి రోజు మెకానిక్‌ను పిలిచాను. నా వయసువాడే, మాట నెమ్మది. మా మెషిన్ ముందు గుండ్రటి అద్దం తలుపు ఉండే రకం, వెనక వరండాలో ఉంటుంది. అతను దాన్ని చూడగానే అడిగింది మరమ్మతు గురించి కాదు.

“ఈ సొక్కా ఎవరు తొడిగినారు సార్ దీనికి?”

అది రెక్సిన్ కవరు. జిప్పు పెట్టి నేనే కుట్టించాను. మా వరండాలో బల్లులు ఎక్కువ. మెషిన్ కొన్న కొత్తలో ఒక బల్లి లోపల దూరి, నా లుంగీతో పాటు ఒక ఉతుకంతా తిరిగింది. అప్పటినుంచి నేనొక నియమం పెట్టాను. బట్టలు తీసిన వెంటనే తలుపు బిగించి మూయాలి, పైన కవరు వేసి జిప్పు లాగాలి. నా భార్య కాస్త తెరిచి పెట్టినా, అటు పోతూ ఇటు వస్తూ నేను మూసేవాణ్ణి. ఆయుధపూజకు కవరు తీసి బొట్టు పెట్టి, మళ్ళీ కవరు వేసేవాణ్ణి. శుభ్రంగా చూసుకుంటున్నానని గర్వం కూడా ఉండేది.

మెకానిక్ తలుపు తెరిచి, చుట్టూ ఉన్న రబ్బరు మడతను రెండు వేళ్ళతో వెనక్కి విప్పాడు.

“ఈడ ఏలు పెట్టి సూడు సార్.”

పెట్టాను. జిగటగా, చల్లగా ఏదో తగిలింది. వేలు బయటికి తీస్తే నల్లగా ఉంది. మడత పొడవునా నల్లటి బూజు, దాని కింద నిలిచిపోయిన నీళ్ళు. అందులో రెండు తలపిన్నులు, ఒక చొక్కా గుండీ, పెళ్ళినాటి అక్షింతలు నాలుగు. పసుపు పోయి బూడిద రంగుకు వచ్చాయి. సబ్బు పొడి వేసే సొరుగును అతను ఊడబెరికి చూపించాడు. అది ఊడి వస్తుందనే నాకు అప్పటిదాకా తెలియదు. దాని వెనక కూడా అదే నలుపు.

నేను వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసింది. దగ్గరి నుంచి చూస్తే అది పాలు కాదు. పాలు పులిస్తే పైన ఒక తీపి ఉంటుంది, పులుపు దాని కింద ఉంటుంది. ఇందులో తీపి లేదు. తడిసిన గోనెసంచిని మూలన పడేస్తే వచ్చే వాసన ఇది. ఇది గుడ్డకు పలచగా అంటినప్పుడు మాత్రం పులిసిన పాలను తలపిస్తుంది. పొద్దస్తమానం పాలే చూసే ముక్కుకు ఆ తేడా దొరకలేదు. గుడ్డకు పాలు పెట్టారని ముందే తెలిసినవాడికి ఇంక వెతకాలని కూడా అనిపించలేదు.

“ఎన్నాళ్ళది ఇది?” అని అడిగాను.

“మొన్న మొన్నటిది కాదు సార్. రొండేండ్లుగా బాగా పెంచినావు” అన్నాడు నవ్వకుండా. “తడి లోపలుంటాది. తలుపు మూసి, పైన సొక్కా తొడిగి, ఊపిరాడకుండా సేస్తివి. దానికి ఇంగేం కావల్ల?”

బోరు నీళ్ళకు నురగ రాదని పొడి రెండింతలు వేస్తామని చెప్పాను. మిగిలిన పొడి లోపల పేరుకుంటుందని, బూజుకు అదే మేత అన్నాడు. రంగు పోతుందని ఎప్పుడూ చన్నీళ్ళ ఉతుకే పెడతామన్నాను. అతను నావైపు ఒకసారి చూసి, చేతికి గ్లవుసు తొడుక్కుని, పలచటి బ్లీచింగ్ నీళ్ళతో రబ్బరంతా తుడిచాడు. “దీంట్లో ఇంగ ఏ యాసిడ్డూ కలపాకండి, ఆ ఆవిరి మనిషికి మంచిది గాదు” అని నా భార్యకు చెప్పాడు. నీళ్ళు పోయే ఫిల్టరు తీసి కడిగాడు. బట్టలు లేకుండా, బాగా వేడినీళ్ళ ఉతుకు ఒకటి తిప్పాడు. నెలకొకసారి ఇట్లా తిప్పండి, ప్రతి ఉతుకు తర్వాత మడతలో తడి తుడవండి, సొరుగు బయటికి లాగి పెట్టండి, ఉతికిన బట్టలు లోపలే వదిలేసి మరిచిపోకండి అని పని చేస్తూనే చెప్పుకుంటూ పోయాడు. అన్నిటికన్నా ముఖ్యం తలుపు తెరిచి ఉంచడమే అన్నాడు.

“మరి బల్లులు?” అన్నాను.

“బల్లికి భయపడి బూజుకు ఇల్లు కట్టిస్తివా సార్?” అన్నాడు.

బల్లులకు ఉపాయం నా భార్య కనిపెట్టింది. పాలు వడకట్టే పలచటి గుడ్డ డెయిరీ నుంచి తెమ్మని, దాని అంచుకు ఎలాస్టిక్ కుట్టి, తెరిచిన తలుపు నోటికి తొడిగింది. గాలి పోతుంది, బల్లి పోదు. రెక్సిన్ కవరు ఇప్పుడు మోటారుసైకిలు మీద ఉంది.

రెండు వారాల్లో బట్టల వాసన పోయింది. నేను శ్రీకాళహస్తి బస్సెక్కాను.

అక్క వరండాలో కూర్చుని, గుడ్డను పాలలో ముంచి పిండుతోంది. మోచేతుల దాకా పాలు. నేను గడపలోనే నిలబడి మొత్తం చెప్పాను, మూడు తువ్వాళ్ళు, రబ్బరు మడత, అక్షింతలు అన్నీ. ఆమె పిండడం ఆపలేదు.

“నాకు తెలుసు రా” అంది.

“ఏం తెలుసు?”

“పాల వాసన నాకు తెలీదా? గుడ్డ పని అయ్యేలోపల ఎన్నిసార్లు ఉడకబెడతాం, ఎన్నిసార్లు ఏట్లో జాడిస్తాం. పాలు యాడుంటాయి దాంట్లో? ఆ పొద్దు ఇంటికొచ్చి కుంకుడుకాయతో జాడించి నీడన గాలికి ఏస్తి. రొండో దినానికి వాసనే లేదు. పాలైతే అంత సులభంగా పోతాదా?”

“మరి ఆ పొద్దే చెప్పుండొచ్చు కదక్కా?”

అక్క గుడ్డను పక్కన పెట్టి నావైపు చూసింది. “ఎవురికి సెప్పేది? ముక్కు సారు నువ్వు. నలుగుర్లో నువ్వు పాలంటివి. నేను కాదంటే, తన గుడ్డను ఎనకేసుకొస్తాండాదని అంటారు. నీ మాట ఇంటారు గానీ నా మాట ఇంటారా?”

తప్పయిపోయిందక్కా అన్నాను. ఆమె చేతులు కడుక్కుని, కాఫీ పెట్టి తెచ్చి ఇచ్చింది.

“నాకు సెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే గదా. యాడ అన్నావో ఆడ సెప్పు” అంది.

అట్లాంటి చోటు వైశాఖంలో దొరికింది. చిన్నమ్మ మనవరాలి పెళ్ళి, చిత్తూరులో. అక్క చీర వేయాల్సిన అమ్మాయే. నేను చిన్నమ్మకు ఫోన్ చేసి, అక్క తెర పట్టించమని అడిగాను.

“ఆ పాల కంపుదా?” అంది.

నేను చెప్పాను. ఆమె ఆసాంతం విని, “పెండ్లిలో నువ్వే పాలంటివి. ఇప్పుడు నువ్వే కాదంటాండావు. నీ ఏ మాట నమ్మేది రా?” అంది.

“నన్ను నమ్మొద్దు చిన్నమ్మా. గుడ్డను నువ్వే వాసన చూడు.”

“సూస్తా. ఒక కొన నువ్వు పట్టుకో, ఇంగో కొన నేను పట్టుకుంటా. కంపు కొట్టిందా, ఆడనే అందరికీ సెప్తా.”

అక్క తెర తెచ్చింది. మెషిన్ ఉన్న ఇంటికి దాన్ని పంపేది లేదని, నేరుగా మండపానికే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె ముందు వరసలో కూర్చుంది. చేతులు ఒళ్ళో బిగించి పట్టుకుని ఉంది. వాసన పోయిందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అయినా తెర మడత విప్పేటప్పుడు ముందు నేనే ఒకసారి వాసన చూసుకున్నాను.

చిన్నమ్మ తన కొనను రెండు చేతులతో ముఖానికి తెచ్చుకుని, అందరూ చూస్తుండగా గట్టిగా పీల్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు. వెనక ఎవరో నవ్వును ఆపుకున్నారు.

“కరక్కాయ వాసన” అంది చిన్నమ్మ. “సిన్నప్పుడు దగ్గొస్తే మా యమ్మ బుగ్గన పెట్టేది.” మళ్ళీ ఒకసారి చూసింది. “ఇంగేం లేదు.”

అదే అదను అనుకుని నేను గొంతు సవరించుకున్నాను. మా అమ్మాయి పెళ్ళిలో ఈ తెర గురించి నేనన్నది తప్పు, ఇది మా అక్క చేతి వాసన కాదు, మా ఇంటి మెషిన్లో నేను పెంచిన బూజు వాసన అని మొదలుపెట్టాను. సగంలో ఉండగానే పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం మొదలైంది. నాదస్వరం, డోలు ఒకటై నా మాటలు మింగేశాయి. నేను గట్టిగా చెప్తూనే ఉన్నాను. పెదవులు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినిపించలేదు. చిన్నమ్మ మాత్రం తల ఊపుతోంది, అది నా మాటకో డోలుకో తెలియదు.

ఆ రోజు వినిపించని మాటే ఇక్కడ రాశాను. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి ఈ పెళ్ళికి రానివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఇంకొక సంగతి కూడా: ఆ తెరకు బొమ్మ రెండు పక్కలా ఉంటుంది. ఎత్తి పట్టుకుంటే ఎటు కూర్చున్నవాళ్ళకైనా చిలుకలు ఒకేలా కనిపిస్తాయి. మా అమ్మాయి దాన్ని చూడలేకపోయింది.

మేళం హోరులో చేతులు నొప్పిపుట్టి, నా పక్క తెర కాస్త కిందికి జారింది. ముందు వరసలో అక్క లేచి నిలబడి, నాకు వినిపించేట్టు అరిచింది.

“పైకెత్తు రా. చిలక తల కనపడటం లేదు.”